వేప కడ్డీలు తగ్గిపోతున్నాయి

నాది రాళ్ళు కొలిచే పని. తాడిపత్రిలో ఒక బండల యార్డులో, పాలిష్ మెషిను మీది నుంచి దిగిన ప్రతి బండకూ టేపు పట్టి పొడవు, వెడల్పు చూస్తాను. మందానికి వెర్నియర్ కాలిపర్ పెడతాను. చదరపుటడుగులు మనసులోనే కట్టి పైకి చెబుతాను. ఈ లెక్కలు బళ్ళో వచ్చినవి కావు. బడి తొందరగానే మానేసినవాణ్ణి. తప్పు చెబితే లోడు ఎత్తేవాళ్ళు తిట్టే తిట్ల మధ్య నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను. అందుకేనేమో, ఎదుటివాడు నోటితో చెప్పిన కొలత నాకు కొలతలాగా అనిపించదు. నా చేత్తో నేను చూసుకోవాలి.

ఆ పనిలో నేను నమ్మింది ఒక్కటే. ఈ రోజు కొలిచిన బండ రేపూ అంతే ఉంటుంది. రేపటికి తగ్గిందంటే మధ్యలో మనిషి చెయ్యి పడిందని అర్థం. అంచు విరగ్గొట్టి ఉంటారు, లేకపోతే బండనే మార్చి ఉంటారు. ఇన్నేళ్ళలో ఈ సూత్రం తప్పింది లేదు. కట్టెను తిప్పి గుండ్రంగా చెక్కే లేత్ మిషను దగ్గరికి కూడా నేను దాన్నే వెంటబెట్టుకుని పోయాను.

మా అమ్మాయిని ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి ఇచ్చాం. తొలి కాన్పు మా ఇంట్లోనే. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల పడ్డాక మంచి రోజు చూసి తల్లినీ బిడ్డనూ ధర్మవరంలో దిగబెట్టాలి. బిడ్డతో పాటు ఉయ్యాల కూడా మేమే తీసుకుపోవాలి. ఆ రోజే వాళ్ళింట్లో ఉయ్యాలలో వేస్తారు. బిడ్డను చూడటానికి వచ్చినప్పుడు వియ్యంకురాలు ఆ మాట ఎత్తింది.

"స్టీలువి శానా మంచివి వచ్చినాయన్నా అంగట్లో. మడిచి మంచం కింద పెట్టుకోవచ్చు. మీరేమీ కష్టపడాకండి," అంది.

అది మర్యాదో, మీ వల్ల కాదులే అనడమో నాకు తేలలేదు. తేలనప్పుడు నేను రెండోదే లెక్కలోకి తీసుకుంటాను.

"స్టీలు ఎందుకమ్మా? రోడ్డు వెడల్పు చేస్తామని మా ఇంటి ముందర వేపమాను కొట్టేసినారు. ఆ మొద్దు మా గోడ పక్కనే ఉండాది. దాంతో నేనే చేసుకొస్తా," అనేశాను.

మా ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. మా ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఆమే కొడుతుంది.

నా ధీమా అంతా లెక్క మీదే. ఉయ్యాలకు ప్రతి పక్కనా పైన ఒక పట్టె, కింద ఒక పట్టె, వాటి మధ్య వరసగా గుండ్రటి కడ్డీలు. కడ్డీ కొన ఎంత లావో, పట్టెలో రంధ్రం అంతే వెడల్పు ఉండాలి. అది సరిపోతే ఉయ్యాల నిలబడుతుంది. సరిపోకపోతే కడ్డీ ఊడుతుంది. ఒక కడ్డీ ఊడితే బిడ్డ చెయ్యి ఇరుక్కునేంత సందు వస్తుంది. రెండు ఊడితే బిడ్డే జారిపోయేంత సందు. ఆ ఉయ్యాలలో మా మనవరాలిని భయం లేకుండా పడుకోబెట్టగలగాలి. అంతకు మించి నాకు వేరే కోరిక లేదు.

గుత్తి రోడ్డులో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక పెద్దాయన పాత పిండిమిల్లు మోటారుతో లేత్ మిషను నడుపుతాడు. మంచం కోళ్ళు, చపాతీ కర్రలు, మెట్ల కటకటాలకు పెట్టే నగిషీ స్తంభాలు తిప్పుతాడు. అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు. మనిషి తక్కువ మాట్లాడేవాడు కాడు. ఎవరు గడప తొక్కినా ముందు తన గొప్పలు వినాలి. సినిమా హాలు బాల్కనీకి కటకటా తనే తిప్పాడట. ఏ ఊళ్ళో ఏ పెద్దింట్లో మంచం చూసినా అది తన చేతి పనేనట. ఆ ఇళ్ళలో సగం నేను చూసినవే. వాటిలో ఇనుప మంచాలు కూడా ఉన్నాయి.

"నువ్వు నేర్చుకునేదేందప్పా? కట్టె ఆడ పడేసి పో, నేను తిప్పిస్తా," అన్నాడు.

"కాదు మేస్త్రీ. నా చేత్తోనే కావల్ల."

"యాల?"

"మాట ఇచ్చినా."

"మాట నువ్విస్తే నా మిషను ఎందుకు అరగల్లప్పా?"

అయినా ఒప్పుకున్నాడు. యార్డు పని అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు రమ్మన్నాడు. నేర్పినందుకు ఏమీ వద్దన్నాడు. నేర్చుకోవడానికి తన దగ్గర పడి ఉన్న సరుగుడు ముక్కలే వాడుకోమన్నాడు. నేను చెడగొట్టినవి మాత్రం అక్కడే వదిలిపెట్టి పోవాలి. అదొక్కటే షరతు. ఏమీ అడగనివాడు ఒక్క షరతు పెడితే ఆ షరతులోనే ఏదో ఉందని అర్థం. చెడిపోయిన ముక్కతో ఏం చేసుకుంటాడు?

మొదటి సాయంత్రం అతను కట్టెను రెండు కొనల మధ్య బిగించి మోటారు వేశాడు. నలుపలకల కట్టె తిరిగేసరికి మసకగా గుండ్రంగా కనిపించింది.

"ఉలిని ముందు ఈ ఇనుప కమ్మీ మీద ఆనించల్ల. మల్ల కట్టెకు తాకించల్ల. ముందే కట్టెకు తాకిస్తే అది నీ చేతిలో ఉలిని లాక్కుంటాది," అన్నాడు.

నేను తలూపి, ముందే కట్టెకు తాకించాను. పెద్ద చప్పుడు. ఉలి కరుచుకుంది. కట్టె ఊడి నా చెవి పక్కగా పోయి రేకుకు తగిలింది. మేస్త్రీ మోటారు ఆపి, రేకు మీద పడిన సొట్టను చేత్తో తడిమాడు.

"ఇది నీ లెక్కలోకి రాసుకో," అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళు నా పని అంతా గూనులు, గుంటలే. చెయ్యి బిగిస్తే గుంట పడుతుంది. వదిలితే గూని మిగులుతుంది. ఉలిని గట్టిగా పట్టుకుంటే పని జరుగుతుందని నేననుకున్నాను. కట్టెనే ఉలి మీదికి రానివ్వాలని అతను అన్నాడు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి చప్పుడు మారింది. గరగర పోయి సన్నటి ఈల లాగా వచ్చింది. పొట్టు పొడిగా రాలకుండా పొడుగాటి చుట్టలుగా లేచి నా మోచేతి మీద పడింది. అది ఎందుకు అలా అయిందో తెలియదు. మళ్ళీ అలా చేయబోతే కాలేదు. ఏదైనా మళ్ళీ చేయలేకపోతే అది నాకు వచ్చినట్టు కాదు. ఆ ఒక్కసారి మేస్త్రీ వెనక నుంచి ఏమైనా సర్దాడేమో అనుకుని మోటారు బెల్టు వైపు చూశాను. అతను దూరంగా కూర్చుని టీ తాగుతున్నాడు.

నేను చెడగొట్టిన ముక్కలన్నీ అతను ఒక గోనె సంచిలో వేస్తూ ఉండేవాడు. ఒక ఆదివారం సంతలో సంచి గుట్టు బయటపడింది. తట్టలో చపాతీ కర్రలు పెట్టి అమ్ముతున్న ఆమె దగ్గర ఒకటి తీసి చూశాను. నడిమికి కొంచెం ఎడమగా ఒక గూని. దాని పక్కనే బొటనవేలు పట్టేంత గుంట. నా గూని నాకు తెలియదా? రెండు కొనలు నగిషీగా తిప్పి, మధ్యలోది అలాగే వదిలేశాడు.

ఆ సాయంత్రం అడిగాను.

"ఆ, అమ్మినా," అన్నాడు ఏ మాత్రం దాచకుండా. "కట్టె నాది, మిషను నాది, కరెంటు నాది. నీ గూని ఒక్కటే నీది. కావాలంటే అది తీస్కపో."

నాకు నవ్వు రాలేదు. అనుమానించింది నిజమైనప్పుడు ఒక రకమైన తృప్తి ఉంటుంది. దాంతో మిగతా అనుమానాలకు కూడా బలం వచ్చింది. ఎందుకంటే అతను కూడా నన్ను ఒక కంట కనిపెడుతూనే ఉన్నాడు. నేను జేబులోంచి వెర్నియర్ తీసినప్పుడల్లా, గోడకు ఆనించి పెట్టిన మంచం కోళ్ళ మీద గోనెపట్ట కప్పేవాడు. తను మాత్రం కొలత ముట్టడు. రేకు ముక్కలో ఒక గాడి కోసి పెట్టుకున్నాడు. కడ్డీ ఆ గాడిలో దూరితే సరి, దూరకపోతే కాదు. ఆ రేకు ముక్కను కూడా నేను వచ్చేసరికి జేబులో వేసుకునేవాడు. దాచేవాడికి దాచవలసింది ఏదో ఉండాలి కదా?

చెయ్యి కాస్త కుదిరాక వేప మొద్దులో సగం సామిల్లులో కోయించి తెచ్చాను. పట్టెలకు పనికొచ్చే మిగతా సగం గోడ పక్కనే టార్పాలిన్ కింద ఉంది. వేప పచ్చిగా ఉంది. తిప్పుతుంటే చిన్న చిన్న చుక్కలు ఎగిరి మొహాన పడేవి. పెదవులు చేదెక్కేవి.

"లావుగా తిప్పి మూల పడేయప్పా. ఆరల్ల అది. మల్ల సైజుకు తిప్పుకుందువు," అన్నాడు మేస్త్రీ.

"ఎన్నాళ్ళు ఆరల్ల?"

"ఆరినప్పుడు ఆరతాది."

అది నాకు జవాబుగా వినపడలేదు. ఎన్నాళ్ళో చెప్పని మాట సాగదీసే మాట. నేను ఎన్నాళ్ళు వస్తే అతనికి అన్నాళ్ళు షెడ్డు ఊడ్చే మనిషి దొరుకుతాడు. సంచిలోకి చపాతీ కర్రలు దొరుకుతాయి. నేను వినలేదు. ప్రతి కడ్డీ కొననూ సరిగ్గా ఇరవై మిల్లీమీటర్లకు తిప్పాను. వెర్నియర్‌తో అడ్డంగా, నిలువుగా చూసుకున్నాను. రెండు వైపులా ఇరవై. బండకు కూడా అంత నిక్కచ్చిగా చూసి ఉండను.

"నీ కట్టె, నీ ఇష్టం," అని అతను తన కోడు మీదికి తిరిగాడు.

ఆ వారం యార్డులో లోడింగు ఎక్కువై నేను షెడ్డుకు పోలేకపోయాను. మళ్ళీ పోయి కడ్డీలు తీసి చూస్తే పంతొమ్మిదిన్నర. ఇంకోటి చూశాను. అది కూడా ఇరవై లేదు. కట్ట విప్పి అన్నీ చూశాను. ఒక్కటి కూడా ఇరవై లేదు.

మధ్యలో మనిషి చెయ్యి పడింది.

ఎవరి చెయ్యో ఆలోచించే పనే లేదు. షెడ్డు తాళం ఒక్కరి దగ్గరే ఉంది. సంచి వ్యాపారం తెలిసిన వ్యవహారమే. నా కడ్డీలు ఎవరికో ఇచ్చి, వాటి బదులు తన సన్నటివి పెట్టి ఉంటాడు. లేదా గరుకు కాగితంతో అరగదీసి ఉంటాడు. అరగదీస్తే నేను విసిగి, నువ్వే తిప్పివ్వు మేస్త్రీ అంటానని కావచ్చు. ప్రతి కడ్డీ కొనకూ, కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనపడనంత చిన్నగా పెన్సిల్ చుక్క పెట్టి వచ్చేశాను.

తర్వాతి సారి చుక్కలన్నీ ఉన్నాయి. కాబట్టి కట్టె మారలేదు. కొలత మాత్రం ఇంకా తగ్గింది. అంటే అరగదీస్తున్నాడు. చుక్క మాత్రం చెరగకుండా ఎంత జాగ్రత్తగా చేస్తున్నాడో చూడు అనుకున్నాను. నేను వెర్నియర్ పట్టుకుని కడ్డీలు ఒక్కొక్కటీ చూస్తుంటే మేస్త్రీ వచ్చి నా చేతిలోది లాక్కున్నాడు. కొనను వెలుతురులోకి పెట్టి చూశాడు.

"ఏందిది? చుక్క పెట్టినావా?"

"పెట్టినా."

"నా అంగట్లో కట్టెకి దొంగ గుర్తులు పెడ్తావా?"

"నా కట్టెకు పెట్టుకున్నా."

"అప్పా, నాకు మొదట్నుంచీ అనుమానమే. నీ మాదిరే ఒకాయన వచ్చినాడు. తెల్లచొక్కా, జేబులో ఇదే కొలత. మంచం చేయిస్తానని చెప్పి, నా కోళ్ళన్నీ యాడికాడికి కొలుచుకోని పోయినాడు. మల్ల రాలేదు. ఆ పక్క ఊర్లో కంప్యూటర్ మిషను పెట్టినారు చూడు, ఆడ దిగేవి నా కోళ్ళే! నా గుబ్బ, నా మెడ, నా పాదం! ఇప్పుడు ఎవరూ నా దగ్గరికి రారు. నువ్వు ఆయప్ప మనిషివా, కాదా? నిజం చెప్పు."

"ముందు నువ్వు చెప్పు. నా కడ్డీలు అరగదీసినావా, ల్యాదా?"

అతను చేతిలోని కడ్డీని కిందికి దించాడు. "నేనా? నీ కడ్డీలనా? యాల?"

ఆ యాల అనేదానికి నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. పైకి చెప్పబోతే ఒక్కటీ నిలబడలేదు. "అది నువ్వే చెప్పల్ల," అన్నాను.

"ఎత్తుకో నీ పుల్లలు," అని కట్ట నా చేతుల్లోకి తోశాడు. "పో. మల్ల ఈ పక్క రావద్దు."

ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

"బంగారమా అవి?" అంది మా ఆవిడ.

"అంతకంటే ఎక్కువ."

బిడ్డ దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. అమ్మాయి ఆ చీర ఊపుతూ, "నాయనా, కాకుంటే కాదని చెప్పు. స్టీలుది తెప్పిస్తామంటాండాది మా అత్త. తప్పేముండాది?" అంది.

"అవుతాది," అన్నాను. ఎలా అవుతుందో నాకే తెలియదు.

రెండు రోజులు ఆగి బీరువా తీశాను. ఇంకా తగ్గాయి. తాళం వేసినట్టే ఉంది. కట్ట ముడి నేను వేసిన ముడే. కడ్డీల పక్కన నిలబడి ఇంట్లో వాళ్ళందరినీ ఒక్కొక్కరినీ తలచుకున్నాను.

"బీరువా ఎవరన్నా తీసినారా?" అని అడిగాను.

"తాళంచెవి నీ మొలకే ఉండాది గదా. నీకేమన్నా తిక్కనా?" అంది మా ఆవిడ.

అప్పుడు వెర్నియర్ మీదికి పోయింది నా అనుమానం. మరుసటి రోజు యార్డులో, ఏనాటి నుంచో మందం సరిచూసుకోవడానికి పెట్టుకున్న నల్లబండ ముక్కకు పెట్టి చూశాను. ఎప్పుడూ చూపించే అంకే చూపించింది. వెర్నియర్ తప్పు కాదు. నా కళ్ళు కూడా తప్పు కావు. మేస్త్రీకి బీరువా అందదు. మనుషులెవరూ మిగల్లేదు. నా సూత్రంలో మనిషికి తప్ప ఇంకొకదానికి చోటు లేదు.

ఆ ఆదివారం కడ్డీలన్నీ నడవాలో పరిచి, మొదటి నుంచీ కొలిచాను. ఈసారి లావు ఒక్కటే కాదు, పొడవు కూడా చూశాను. పొడవు తిప్పిన రోజు ఎంత ఉందో అంతే ఉంది. లావు ఒక వైపు పంతొమ్మిదికి పైన, కడ్డీని పావు వంతు తిప్పి చూస్తే పంతొమ్మిదికి లోపల. అంటే కోడిగుడ్డులా అయింది. ఇంకో కడ్డీ, ఇంకో కడ్డీ, అన్నీ అంతే. కొనలో మాను వయసు గీతలు వంపుగా కనిపిస్తున్నాయి. ఆ గీతలు పోయే వైపు ఎక్కువ తగ్గింది. గీతలకు అడ్డంగా చూస్తే తక్కువ తగ్గింది. ఒక్క కడ్డీలో కూడా ఈ వరస తప్పలేదు. ఏ దొంగ అయినా వయసు గీతలు చూసుకుని, ఒక వైపు ఎక్కువగా, ఇంకో వైపు తక్కువగా, పొడవు ముట్టకుండా దొంగిలిస్తాడా? మనిషి చేసే పని ఇంత వరసగా ఉండదు. ఇది కట్టె తనంతట తాను చేసిన పని.

నడవాలో చతికిలబడి ఈ సంగతి మా ఆవిడకు వివరించాను, గీతలతో సహా.

"పచ్చి కట్టె గదా, ఎండితే కుంచించుకోదా? వడియం పెట్టినప్పుడు ఎంత ఉంటాది, ఎత్తేటప్పుడు ఎంత ఉంటాది? నన్నడిగింటే ఆ పొద్దే చెప్పింటి," అంది.

వడియాన్ని నేను ఎప్పుడూ కొలవలేదు.

ఉయ్యాల పని మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆరిన కడ్డీలు కోడిగుడ్డు కొనలతో ఏ రంధ్రంలోనూ బిగుతుగా కూర్చోవు. మళ్ళీ పచ్చి కట్టె తిప్పి ఆరబెట్టేంత వ్యవధి లేదు. మంచి రోజు దగ్గర పడుతోంది. ఆ రాత్రి పడుకుని లెక్క వేస్తే ఒకటి తట్టింది. తగ్గేది కట్టె గుణమైతే, దాన్ని నా వైపు ఎందుకు తిప్పుకోకూడదు? కడ్డీలు తగ్గడం అయిపోయింది. కొనల్ని మళ్ళీ గుండ్రంగా సన్నంగా తిప్పుకోవచ్చు. గోడ పక్కన టార్పాలిన్ కింద ఉన్న మొద్దు లోపల ఇంకా పచ్చిగానే ఉంది. పట్టెలు దాంట్లోంచి తీసి, రంధ్రాలు చేసి, ఆరిన కడ్డీలు దిగగొడితే? పట్టె ఆరుతూ ఆరుతూ రంధ్రాలు బిగుసుకుంటాయి. అది కడ్డీని వదలదు.

దీనికి మళ్ళీ గుత్తి రోడ్డుకే పోవాలి.

మేస్త్రీ నన్ను చూసి మోటారు ఆపలేదు. నేను గడప దగ్గరే నిలబడి, జేబులోంచి వెర్నియర్ తీసి చెయ్యి చాచాను.

"ఇది నీ దగ్గరే పెట్టుకో మేస్త్రీ. పని అయ్యేదాకా."

అతను మోటారు ఆపాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నా ప్యాంటు జేబు వైపు కూడా చూశాడు.

"ఇంకోటి ల్యాదు గదా?"

"ల్యాదు."

"ఆ జేబు చూపించు."

చూపించాను. రుమాలు, బస్సు టికెట్టు ఉన్నాయి. అతను టికెట్టును కూడా విప్పి చదివాడు. అప్పుడు కానీ స్టూలు జరపలేదు.

నా ఆలోచన చెబితే ఎగతాళి చేశాడు. "పచ్చి పట్టెలో ఆరిన కడ్డీ కొడ్తే పట్టె పగుల్తాదప్పా. నేను ఈ పనిలో పుట్టినోన్ని. నువ్వు మొన్న వచ్చినావు."

"పగలకుంటే?"

"పగిల్తే?"

నేను అతని మాట నమ్మలేదు. అతను నా మాట నమ్మలేదు. అందుకే చెత్తకట్టెలో చేసి చూద్దామన్నదొక్కటే ఇద్దరికీ ఒప్పుదలైంది. పచ్చి వేప ముక్కలు రెండు తీసుకున్నాం. ఒక్కో దాంట్లో ఒక కడ్డీ దిగగొట్టి, షెడ్డు మీద ఎండలో పెట్టాం. మా ఎండ సంగతి చెప్పాల్సిన పని లేదు. నాలుగు రోజులకు దించితే ఒకటి పగిలింది, ఒకటి పగల్లేదు.

"చెప్పినా గదా!" అన్నాడు మేస్త్రీ పగిలింది ఎత్తి పట్టుకుని.

"నేనూ చెప్పినా గదా," అని నేను రెండోది ఎత్తాను.

రెండోదాన్ని అతను కాలి కింద తొక్కిపట్టి రెండు చేతులా లాగాడు. రాలేదు. తిప్పాడు. తిరగలేదు. నా చేతికిచ్చి నన్ను లాగమన్నాడు, నేనేదో మేకు కొట్టి ఉంటానని వెనక వైపు తిప్పి కూడా చూశాడు. తర్వాత ఇద్దరం పగిలినదాని ముందు కూర్చున్నాం. దాంట్లో రంధ్రం ముక్క చివరికి మరీ దగ్గరగా చేశాం. పైగా కడ్డీని సమ్మెటతో బలంగా కొట్టాం. చివరి రంధ్రాన్ని లోపలికి జరపాలని అతను అన్నాడు. కడ్డీ చేతి సుత్తి దెబ్బకే దిగేంత వదులు పెట్టాలని నేను అన్నాను. ఎంత వదులో చెప్పడానికి వెర్నియర్ అడిగితే ఇవ్వలేదు. తన రేకు ముక్కలో కొత్తగా ఒక గాడి కోశాడు.

"దీంట్లో దూరితే సరి," అన్నాడు.

కొనలు తిప్పింది నేనే. ఆరిన వేప పచ్చి వేపలాగా ఉండదు. పొడిగా, గట్టిగా, ఉలి మొనకు ఎదురు తిరుగుతుంది. ఆ చివరి రోజుల్లో ఈల చప్పుడు చాలాసార్లు వచ్చింది. ఎందుకు వస్తోందో అడగలేదు. పట్టెలకు రంధ్రాలు అతను చేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను, అతను నేను చూడటం చూశాడు. ఉయ్యాల బిగించాక, మా ఇంట్లో వారం పైన ఆరబెట్టి, గోతాలు చుట్టి వ్యానులో ధర్మవరం తీసుకుపోయాం. మేస్త్రీని పిలిచాను. పిలిచినందుకు వచ్చాడో, నేను ఆ ఉయ్యాలను ఇంకెక్కడికైనా తీసుకుపోతానేమో చూడటానికి వచ్చాడో తెలియదు. వ్యానులో ఉయ్యాల పక్కనే కూర్చున్నాడు.

వియ్యంకుల ఇంట్లో మగ్గాలు ఆ రోజు ఆపేశారు. నడి ఇంట్లో దూలానికి గొలుసులు వేసి ఉయ్యాల వేలాడదీశాం. పసుపు పూశారు, పూలు కట్టారు. వియ్యంకురాలు పైపట్టె మీద చెయ్యి వేసి చూసి, "బాగుండాదే," అంది. ఆ ఏకారం ఎందుకో నాకు అర్థం కాలేదు.

నేను లెక్క వేసుకున్నది బిడ్డ బరువు. నిలబడే వయసు వస్తే ఎంత ఉంటుందో అది కూడా వేసుకున్నాను. ఇంతలో ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లోంచి రుబ్బురోలు గుండును కొత్త రవికెగుడ్డలో చుట్టి, బొట్టు పెట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టే ఎత్తుకుని వచ్చారు. బిడ్డ గుండులాగా గట్టిగా ఉండాలని, బిడ్డకంటే ముందు గుండును ఉయ్యాలలో వేస్తారు. అది నాకు తెలిసిన ఆచారమే. మా అమ్మాయికీ వేశారు. కానీ ఉయ్యాల చేసేటప్పుడు అది నా తలలోకే రాలేదు. రాయి బరువు చూపుతోనే చెప్పగలిగినవాణ్ణి. ఆ గుండు బిడ్డకు ఎన్నింతలుందో చూడగానే తెలిసిపోయింది.

"నిదానం, నిదానం," అని లేచాను. అప్పటికే పడుకోబెట్టేశారు. ఆడవాళ్ళు పాట ఎత్తుకుని ఉయ్యాల ఊపారు.

కిర్రుమంది.

గోడకు ఆనుకుని కూర్చున్న మేస్త్రీ, నేను ఒకేసారి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతను అటు నుంచి, నేను ఇటు నుంచి పాకినట్టు పోయి ఉయ్యాలకు రెండు వైపులా మోకాళ్ళ మీద కూర్చున్నాం.

"అది గొలుసు చప్పుడు," అన్నాడు అతను.

"చూడందే యెట్ల చెప్తావు?"

"అట్లయితే చూడు. నీ పక్కవి నువ్వు చూడు. నా పక్కవి నేను చూస్తా."

నేను నా వైపు మొదటి కడ్డీని రెండు వేళ్ళతో పట్టి తిప్పాను. రెండోదీ తిప్పాను. అతను తన వైపు తిప్పుతున్నాడు. కడ్డీల సందుల్లోంచి అతని కళ్ళు నా వేళ్ళనే చూస్తున్నాయి.

"ఏమన్నా, ఏం వెదుకుతాండారు ఇద్దరూ ఆడ?" అంది వియ్యంకురాలు పాట ఆపి. "మీరు చేసినదాని మీద మీకే నమ్మకం ల్యాదా?"

"నాకు ఎవరు చేసినదాని మీదా ల్యాదమ్మా," అన్నాను.

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. మా అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జరగండన్నా, ముహూర్తం పోతాది!"

మేము జరగలేదు. చివరి కడ్డీ దాకా చూశాం. నా వైపు ఒక్కటీ తిరగలేదు. అతను తల అడ్డంగా ఊపాడు, తన వైపూ తిరగలేదని. వచ్చి నా వైపువి కూడా ఒకటి రెండు తిప్పి చూసుకున్నాడు. నేనూ అటు పోయి అతని వైపువి చూశాను. అప్పుడు ఆడవాళ్ళు గుండును తీసి, మా మనవరాలిని దాని చోటులో పడుకోబెట్టారు. అది కాళ్ళు రెండూ గాలిలో ఆడించి, ఒక చెయ్యి పక్కకు చాపి, దొరికిన కడ్డీని పిడికిట్లో పట్టుకుని లాగింది. కడ్డీ కదల్లేదు. అది మళ్ళీ లాగింది.